నారి తీసే చెయ్యి

మొన్న ఒక నర్సమ్మ మా ఇంటికొచ్చింది. చిన్నపిల్ల, ముక్కు మీదనే కోపం, చంకన సంచి. గవర్నమెంటు పంపిందంట. సంచిలో నుంచి అట్టబొమ్మ ఒకటి తీసి నా కళ్ల ముందర పెట్టింది. బొమ్మలో ఒక కాలు, కాలికి పుండు, పుండులో నుంచి తెల్లటి దారం వేలాడతా ఉంది.

"అవ్వా, ఇట్లాంటి జబ్బు ఎప్పుడన్నా చూసినావా?" అని అడిగింది.

"చూసేదేంది తల్లీ, మోసినా" అని చీర పైకి లాగి ఎడమ చీలమండ చూపించినా. మచ్చ ఇప్పటికీ నున్నగా మెరుస్తా ఉంటది.

"మరి మీ ఊళ్లో ఇప్పుడు ఎవరికీ లేదా?"

"లేదు. మా అత్త పోగొట్టింది."

"మీ అత్త నర్సా, మంత్రసానా?"

"రెండూ కాదు. రాక్షసి."

ఆ పిల్ల బిత్తరపోయి నా మొకం చూసి, మా కోడలి మొకం చూసి, ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా పక్కింటికి పోయింది. పోతే పోయింది గాని, నన్ను కెలికి పోయింది. ఆ పూట నుంచి మా అత్త నా కళ్ల ముందర నుంచి జరగడం లేదు. ఆమె చచ్చిపోయి ఎన్నేళ్లయిందో! బతికున్నప్పుడూ అంతే, ఒకసారి వచ్చి కూర్చుంటే లేచే మనిషి కాదు.

నారి అంటే ఏందో ఇప్పటి పిల్లలకు తెలీదు. తెలీకపోవడమే మంచిది. అది ఒక పురుగు. కుట్టుదారమంత సన్నం, మూరెడు పైన పొడుగు. మనిషి ఒంట్లో ఏడాది పాటు చడీచప్పుడు లేకుండా పెరిగి, ఎండాకాలానికి కాలిలోకి దిగతది. బొబ్బ ఎక్కుతది. ఆ బొబ్బ పగిలి, అందులో నుంచి తల బయట పెడతది. బొబ్బ ఎక్కినప్పటి మంట ఎట్ల చెప్పేది? నిప్పుకణిక చర్మం కింద పెట్టి కుట్టేసినట్టు ఉంటది. పట్టుకొని లాగేద్దామా అంటే తెగుతది. తెగితే లోపలి ముక్క కుళ్లి, కాలంతా చీము పట్టి, మనిషి అవిటివాడన్నా అవుతాడు, పైకన్నా పోతాడు. అందుకని దాని తలను ఒక ఈనెపుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెం తిప్పుకుంటా బయటికి తీయాల. వారాల తరబడి పట్టే పని. ఆ పనిలో మా అత్తకు సాటి లేదు. పుల్లలచెరువు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవాళ్లు.

అప్పుడు మాది కర్నూలు జిల్లా, తెల్లోళ్ల కాలం. మా ఊరికి దారీ తెన్నూ లేదు. ఒకపక్క నల్లమల, ఒకపక్క ఎర్రగా ఎండిన మెట్టచేలు.

మా అత్త పొడుగు మనిషి. ఎండిన జొన్నదంటు మాదిరి ఉండేది. దవడన ఎప్పుడూ పొగాకు కాడ. మనిషి వస్తే మొకం చూసేది కాదు, కాళ్లు చూసేది. కాళ్లు చూసే పేరు పెట్టి పిలిచేది. కొత్తకోడలిగా నేను గడప దాటిననాడు అందరూ నా మొకం చూస్తా ఉంటే, ఆమె వంగి నా పాదాలు చూసి, "దీనివి ఒట్టి కాళ్లే. ఒక్కసారి కూడా నారి రాలేదు" అన్నది. నగ లేని మెడను చూసి అన్నట్టు అన్నది. నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలియలేదు.

పురుగును ఆమె అల్లుడని పిలిచేది. "అల్లుడు వచ్చినాడు. తొందరపెడితే అలుగుతాడు, మర్యాద చేయాల" అని చెప్పి పని మొదలుపెట్టేది. పుల్లకు చుట్టేటప్పుడు "రా నాయనా, రా అల్లుడా, ఇంకొంచెం రా. మా ఇంట్లో నీకేం తక్కువ చేసినాము?" అని బుజ్జగించేది. ఎంత మంటతో ఏడ్చే మనిషికైనా ఆ మాటకు నవ్వొచ్చేది. నవ్వితే కాలు బిగువు సడలేది. ఆ సందులో ఆమె ఇంకో చుట్టు తిప్పేది. అంత జాణ! తీసినందుకు ఎవరి దగ్గరా గింజ కూడా పుచ్చుకునేది కాదు. అందుకే ఊళ్లో ఆమె మాటకు అడ్డం చెప్పేవాళ్లు లేరు.

ఆమె ఈ పని చేసేది ఇంట్లో కాదు, బావిలో. మా ఊరిది దిగుడుబావి. మా మామ తాత ధర్మానికి తవ్వించినాడు. పలకరాతి మెట్లు నీళ్ల దాకా ఉండేవి. ఆడోళ్లం మెట్లు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకోవాల. ఊరంతా తాగేది ఆ నీళ్లే. అంటరానోళ్లని ఊరి బయట పెట్టిన పల్లె వాళ్లను మాత్రం మెట్లు దిగనిచ్చేవాళ్లు కాదు, పైన నిలబడితే ఎవరో ఒకరు దయదలిచి పోసేవాళ్లు. అది మా ఊరి సిగ్గుమాలినతనం, దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. కాలు పెట్టకపోయినా నారి వాళ్లకూ వచ్చేది.

నారి తేలినోళ్లను మా అత్త పొద్దున్నే అడుగు మెట్టు మీద కూర్చోబెట్టి, కాలు నీళ్లలో పెట్టించేది. ఆ చల్లదనానికి మంట చల్లారేది. నీళ్లు తగిలితే పురుగు కూడా తానే ముందుకు వచ్చేది. "స్నానం పోయందే అల్లుడు బయటికి రాడు" అనేది ఆమె. ఎండాకాలం పొద్దున పోతే వరసగా కూర్చొని ఉండేవాళ్లు, పుండ్ల కాళ్లు నీళ్లలో వేసుకొని. వాళ్ల పక్కనే నేను బిందె ముంచాల.

నాది తర్లుపాడు పక్క. మా నాయన వాళ్ల ఊళ్లో చేదబావి. చుట్టూ నడుమెత్తు ఒర, పైన గిలక. ఆ నీళ్లను ఎవరి కాలూ తాకదు. మా అత్తగారింటికి వచ్చిన మొదటిరోజు ఈ బావిని చూసి, ఇంటికొచ్చి వాంతి చేసుకున్నా. మర్నాడు పదిమంది ఆడోళ్ల ముందరే నోరు జారినా.

"ఏందత్తా, పుండ్ల కాళ్లు కడిగిన నీళ్లా మనం తాగేది?"

మా అత్త చేతిలో పుల్ల ఆగింది. "ఏమే, మీ తర్లుపాడోళ్లకు నోరు పెద్దదే! ధర్మానికి తవ్విన బావి ఇది. దీన్ని అంటే కళ్లు పోతాయి" అన్నది.

"మా ఊళ్లో ఎవరికీ నారి రాదు మరి."

"మీ ఊళ్లో తీసే చెయ్యి లేదు. అందుకే రాదు" అన్నది ఠక్కున.

ఆడోళ్లందరూ పకపకా నవ్వినారు. ఒళ్లు మండిపోయి బిందె ఎత్తుకొని వచ్చేసినా.

ఆ ఎండాకాలమే మా ఆయనకు మోకాలి కింద నారి తేలింది. మా అత్త రోజూ బావి దగ్గర కూర్చోబెట్టి చుట్టేది. సగం పురుగు పుల్ల మీదికి వచ్చింది. ఇంతలో నల్లమల మీద మబ్బు కమ్మి తొలకరి పడింది. మెట్టచేను పదును ఎన్నాళ్లు ఉంటది? ఆరిపోతే విత్తనం పడదు, విత్తనం పడకపోతే ఏడాదంతా పస్తే. మా మామ అప్పటికే లేడు. విత్తే గొర్రు పట్టేవాడు ఈయన ఒక్కడే.

"పుల్లను గుడ్డేసి బిగించి కట్టుకుంటాలే అమ్మా, పోయి వస్తా" అన్నాడు.

"కదిలితే తెగుతది రా" అన్నది ఆమె.

"చేను ఆరితే మటుకు ఏం తింటాము?" అని ఈయన కుంటుకుంటా పోయినాడు. మధ్యాహ్నానికి ఇద్దరు మోసుకొచ్చినారు. గొర్రుకు తగిలి పుల్ల ఊడింది, పురుగు తెగి లోపలికి పోయింది.

తెల్లారేసరికి కాలు వాచి నిగనిగలాడతా ఉంది. జ్వరం పేలిపోతా ఉంది. ఆమె ఆముదం రాసింది, జిల్లేడాకు కట్టింది, వేపాకు నూరి పట్టు వేసింది. ఆమెకు తెలిసినవన్నీ చేసింది. వాపు తొడకు ఎక్కింది. చివరికి బండి కట్టించుకొని మార్కాపురం ఆసుపత్రికి పోయినాము. బండిలో ఆయన తల నా ఒళ్లో, కాలు ఆమె ఒళ్లో. పుస్తె కట్టించుకున్న పసుపు ఇంకా ఆరలేదు నాకు. ఈ మనిషి పోతే నా గతి ఏందని, ఆ ఒక్క ఆలోచనే.

డాక్టరు కాలు కోసి చీము తీసినాడు. ప్రాణం దక్కింది, కాలు దక్కింది, మోకాలు మాత్రం ఇంక వంగదన్నాడు. చేతులు కడుక్కుంటా మమ్మల్ని చెడామడా తిట్టినాడు.

"మీది దిగుడుబావేనా? నారి కాళ్లతో అందులో దిగుతారా?"

"దిగుతాము నాయనా" అన్నది మా అత్త.

"అదే మీ రోగం. కాలు నీళ్లలో పెట్టగానే ఆ పురుగు తన పిల్లల్ని నీళ్లలోకి వదులుతది. కంటికి కనపడవు. ఆ నీళ్లు తాగినోళ్ల కడుపులోకి పోతాయి. ఏడాదికి వాళ్ల కాళ్లలో తేలతాయి. ముందు ఆ మెట్లు పూడ్చి చేదబావి చేసుకోండి."

ఆమె నోట్లో పొగాకు నమలడం ఆగిపోయింది. "అంటే నాయనా, వీళ్లను నీళ్లలో కూర్చోబెట్టి తీసినందుకేనా ఇదంతా?"

ఆమె ఎవరో ఆయనకు తెలీదు. "ఎవరు కూర్చోబెడతా ఉన్నారో వాళ్లకు చెప్పమ్మా, వచ్చే ఏటి నారిని ఇప్పుడే విత్తుతా ఉన్నారని" అనేసి ఇంకో మంచం దగ్గరికి పోయినాడు.

మా అత్త బయటికి పోయి పొగాకు ఉమ్మేసి వచ్చి, కొడుకు మంచం పక్కన నేల మీద కూలబడింది. ఆమె మీద ఎంత కోపమున్నా, ఆ మొకం చూస్తే నాకు పాపమనిపించింది. తిరుగు బండిలో నన్ను మా ఊరి బావి సంగతే అడిగింది.

"మీ ఊళ్లో బావికి మెట్లు అస్సలు లేవా?"

"లేవు."

"ముసలోళ్లు ఎట్ల చేదుకుంటారు?"

"ఎవరో ఒకరు చేది పోస్తారు."

ఆమె కొడుకు కాలు ఒళ్లో సర్దుకుంది.

అక్కడి నుంచి నారి తీసే పని బావి దగ్గర మానేసి, మా ఇంటి వాకిట్లో పెట్టింది. మట్టితొట్టిలో నీళ్లు పోసి, అందులో కాలు పెట్టించి, తీసినాక ఆ నీళ్లను దూరంగా ఎర్రటి ఎండలో పారబోసేది. ఏం లాభం? మా వాకిట్లో నుంచి లేచినోళ్లు లేచినట్టే, అదే కాలుతో బావిలో దిగి బిందె ముంచుకొని పోయేవాళ్లు. దిగొద్దంటే, "నీళ్లు నువ్వు తెచ్చిపోస్తావా అత్తా?" అనేవాళ్లు. వాళ్లన్నదాంట్లో తప్పేముంది? దాహమేస్తే ఆగతదా?

ఇట్ల కాదని, మునసబును, పెద్దమనుషులను బావి దగ్గరికి పిలిపించింది. డాక్టరు చెప్పిందంతా చెప్పింది. తాను చేసింది కూడా దాచకుండా చెప్పింది. మెట్లు పూడ్చి గిలక పెట్టుకుందాము అన్నది.

మునసబు చెడ్డవాడు కాదు. మంచిగానే మాట్లాడినాడు. "వదినా, నీ కొడుకు కాలు అట్ల అయిందని దిగులు పడినావు. మీ పెద్దోళ్లు కట్టించిన మెట్లు, నువ్వే పూడ్చమంటే ఎట్ల? కడుపుతో ఉన్నోళ్లు, ముసలోళ్లు మోకు లాగగలరా? అయినా తీసేదానికి నువ్వున్నావు గదా! వచ్చినోడికి వచ్చినట్టు తీసేస్తివి, అయిపాయె. దానికి బావి జోలికి పోవడం ఎందుకు?"

అందరూ తలలూపినారు. ఒక ముసలాయన చేతులెత్తి, "నువ్వు చల్లగా ఉంటే చాలు తల్లీ, మాకేం భయం లేదు" అని దండం పెట్టినాడు.

ఆ దండానికి ఆమె మొకం మాడిపోయింది. ఇంటికొచ్చి చేతులు ఒళ్లో పెట్టుకొని వాటి వంకే చూస్తా కూర్చుంది. "ఈ చెయ్యి ఉన్నన్నాళ్లు ఆ మెట్లు ఉంటాయే" అన్నది నాతో.

"అయితే ఏంది, చెయ్యి నరుక్కుంటావా?" అని ఎగతాళి చేసినా.

"నరుక్కుంటే సంగటి ఎవరు గెలుకుతారు? నీకు రాదు గదా" అన్నది.

నవ్వినాము గాని, ఆమె మనసులో ఏముందో అప్పుడు నాకు తెలీదు. మళ్లీ ఎండాకాలం వచ్చినాక తెలిసింది. మొదటి మనిషి కాలీడ్చుకుంటా వాకిట్లోకి వచ్చి కూర్చుంటే, ఆమె తొట్టి బోర్లించి, "మెట్లు పూడ్చండి. అప్పుడు తీస్తా" అన్నది.

వేళాకోళమనుకున్నారు. కాదని తెలిసినాక బతిమాలినారు. కాళ్లావేళ్లా పడినారు. ఆనక తిట్టినారు. దుమ్మెత్తి పోసినారు, మాటలతో కాదు, నిజంగానే మా గడప మీద. "ఇంట్లో కోడలు కడుపుతో ఉంటే ఊరి ఉసురు పోసుకుంటా ఉన్నావే!" అని ఒకామె మా వీధిలో నిలబడి గుండెలు బాదుకుంది. ఆమెది ఎగువవీధి, ఇద్దరు ఆడపిల్లల తల్లి, కాలికి నారి. రెండు పూటలా వచ్చి ఏడ్చేది. ఆగలేక ఆమె మొగుడే ఒకరోజు లాగినాడు, తెగింది. ఆమె జీవితాంతం కుంటింది. పురుగు తెగిందని విన్ననాడు మా అత్త అన్నం తినలేదు. అయినా బోర్లించిన తొట్టి తిప్పలేదు.

"అమ్మా, తీయమ్మా. నా కాలు చూసుకొని కూడా నీకు జాలి లేదా?" అన్నాడు మా ఆయన.

"నీ కాలు చూసుకునే రా" అన్నది.

అవును, నేను అప్పుడు కడుపుతో ఉన్నా. కడుపు బయటికి కనపడతా ఉన్న నెలలు. సరిగ్గా అప్పుడే నా చీలమండ పక్కన దురద మొదలై, బొబ్బ ఎక్కింది. వచ్చిన ఏడే ఆ నీళ్లు తాగితి గదా, తగులుకుంది.

నాకు తీస్తుందనే అనుకున్నా. ఎంత పంతమున్నా సొంత మనిషిని గదా! కాలు చాపి ఆమె ముందర కూర్చున్నా. ఆమె బొటనవేలు బొబ్బ మీద పెట్టి, తడిమి, తీసేసుకుంది.

"తీయను."

"నాక్కూడానా?"

"నీకు తీసి ఊరికి తీయనంటే నన్ను చెప్పుతో కొట్టాల."

"మరి నా కాలు కూడా నీ కొడుకు కాలు మాదిరి అయితే? ఇద్దరు అవిటోళ్లం కలిసి ఈ బిడ్డను ఎట్ల పెంచేది?"

లేచి లోపలికి పోయింది. గోడవతల ఆమె ముక్కు చీదిన చప్పుడు వినపడింది. వినపడితే ఏంది? నా కాలు చల్లబడిందా?

రోజూ పొద్దున్నే ఆడోళ్లు ఏదో ఒక వంక పెట్టుకొని వచ్చేవాళ్లు. ఒకామె నిప్పు కోసం, ఒకామె చేట కోసం. వాళ్ల కళ్లు మాత్రం నా కాలి మీదనే. పుల్ల కట్టి ఉందా లేదా అని. తలుపేసుకొని కోడలికి తీస్తా ఉందని ఊరందరి అనుమానం.

ఒక పొద్దున ఇంక నా వల్ల కాలేదు. బొబ్బ పగిలి తెల్లగా తల కనపడతా ఉంది. గోడలు పట్టుకొని, కాలీడ్చుకుంటా బావికి పోయినా. చెప్తే నమ్మరు, ఏ నీళ్లను చూసి వాంతి చేసుకున్నానో, ఆ నీళ్లు కనపడితే నాకు దేవుడు కనపడినట్టయింది. ఒక్కో మెట్టు కూర్చొని కూర్చొని దిగతా ఉన్నా. అడుగున నీళ్లు పట్టుకునే ఆడోళ్లు జరిగి నాకు చోటిచ్చినారు. ఇంతలో వెనక నుంచి మా అత్త గబగబా దిగి, నన్ను దాటుకొని, నీళ్లకూ నాకూ మధ్యన నిలబడింది.

"అడ్డం లే అత్తా."

"కాలు పెట్టొద్దు."

"మంటగా ఉంది అత్తా!"

"తెలుసు. నీ కడుపులోది రేపు తాగేది ఈ నీళ్లే."

"రేపటి సంగతి నాకెందుకు? ఇప్పుడు కాలేది నా కాలు! నీది కాదు!" అని బావి దద్దరిల్లేటట్టు అరిచినా.

జనం అసలు మూలం వదిలేసి పైపూతల కోసం ఎందుకు పాకులాడతారు అని మా మనవడు ఒకసారి పెద్ద చదువు చదివినట్టు అడిగినాడు. "వాళ్లకు తెలీక" అని జవాబు కూడా వాడే చెప్పుకున్నాడు. నాన్నా, తెలీక కాదు. మా ఊరందరికంటే ముందు ఆ బావిని అన్నదాన్ని నేను. డాక్టరు మాట చెవులారా విన్నదాన్ని. మొగుడి కాలు కర్రలాగా అయితే చూసినదాన్ని. అయినా కాలు కాలేటప్పుడు నాకు కావాల్సింది నీళ్లు. బుద్ధి ఎంత ఉన్నా మంట ముందర నిలబడదు.

ఆమె నా రెక్క పట్టుకొని పైకి లాగింది. నేను ఆమె చేతిని కొరికినా. ఊరంతా దండం పెట్టే ఆ చేతినే. రక్తం వచ్చింది. అయినా వదల్లేదు. ఒక్కో మెట్టే నన్ను ఈడ్చుకుంటా పైకి తెచ్చింది. ఆడోళ్లు "అయ్యో కడుపుతో ఉంది, వదిలిపెట్టవే" అని గోల.

పైకి వచ్చేసరికి ఎదురుగా మంచం. నలుగురు మనుషులు మోసుకొస్తా ఉన్నారు. మంచం మీద మునసబు పెళ్లాం, రెండు కాళ్లకూ నారి. పక్కన మునసబు, కళ్లెర్రజేసి.

"అడ్డం లే వదినా. నువ్వు తీయకపోతే పాయె, దీని కాళ్లు నీళ్లలో పెట్టుకోనీ. ఆ చల్లదనమన్నా దక్కనీ."

"పెట్టనీయను."

"బావి నీ ఒక్కదానిదా? లే అంటే లే! చాటుమాటుగా నీ కోడలికి నారి తీస్తా, ఊరికి మాత్రం నీతులా?"

మా అత్త వంగి నా చీర అంచు పట్టుకొని పిక్క దాకా ఎత్తింది. మొగోళ్ల ముందర, కొత్తకోడల్ని! నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనయింది. వాచి ఎర్రబడిన కాలు, పుండు, పుండులో తెల్లగా పురుగు. పుల్ల లేదు, కట్టు లేదు.

మునసబు మొకం తిప్పుకున్నాడు. మంచం మీద ఆమె మాత్రం మోచేతి మీద లేచి నా కాలు వంక చూసింది, చూసి ఆనక మా అత్త మొకం చూసింది.

"కడుపుతో ఉన్న కోడలికి తీయని మనిషి నాకు తీస్తదా?" అన్నది మొగుడితో. "రాళ్లు తెప్పించు."

"ఏందే నువ్వు కూడా..."

"తెప్పించమంటే తెప్పించయ్యా! నాకు కాలిపోతా ఉంది ఇక్కడ!"

ఆమె బావి మంచి కోసం అనలేదు, మంటకు తట్టుకోలేక అన్నది. ఏదయితేనేం. పలకరాయికి మా దగ్గర కరువా? బండ్లు కట్టినారు, తట్టలెత్తినారు. మొదటి తట్ట మునసబే పోసినాడు. పొద్దు వాలేసరికి మెట్లు సగానికి పూడినాయి. తర్వాత ఒర కట్టినారు, వడ్లాయన గిలక బిగించినాడు.

మొదటి తట్ట పడగానే మా అత్త అక్కడే కూర్చొని, తొట్టి తెప్పించి, మునసబు పెళ్లాం కాలు ఒళ్లోకి తీసుకుంది. ఆమె అయినాక ఇంకొకరు, ఆనక ఇంకొకరు. నన్ను కూర్చోబెట్టి అందరికీ తీసింది. "ఇంటిదానివి, చివర్న" అన్నది. నా వంతు వచ్చేసరికి ఆమె చెయ్యి వాచిపోయి ఉంది. నా పళ్లు దిగిన చోట నల్లగా కమిలింది. ఆ చేత్తోనే పుల్ల పట్టింది. వేళ్లు సరిగ్గా ముడుచుకోవడం లేదు. ఇది ఇప్పుడు తెంపుతది, నా కాలు పాయె అని ఊపిరి బిగబట్టి కూర్చున్నా.

"ఏందత్తా, అల్లుణ్ణి పిలవవా?" అన్నా, ఉక్రోషం ఆగక.

"నోర్మూసుకో, తెగుతది" అన్నది. ఆమె కళ్లలో నుంచి నీళ్లు కారతానే ఉన్నాయి. తుడుచుకోను చెయ్యి ఖాళీ లేదు.

తెగలేదు. రోజుల తరబడి చుట్టి, మొత్తం తీసింది. కాలు నిలబడింది, బిడ్డా నిలబడినాడు. ఆమె మీద నా కోపం పోయిందా అంటే, లేదు, ఇప్పటికీ లేదు. ఎన్నోసార్లు మొకం మీదనే అన్నా, "నా కాలు పందెం పెట్టి ఊరిని గెలిచినావు నువ్వు" అని. "అవును" అనేది. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ అనేది కాదు. తప్పయిందని మాత్రం చచ్చేదాకా అనలేదు.

మరుసటి ఎండాకాలం కొందరికి వచ్చింది. ఆ పై ఎండాకాలం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికి. తర్వాత లేదు. బండ్లు రావడం ఆగిపోయింది. మా వాకిట్లో గడ్డి మొలిచింది. పిల్లలు పుట్టినారు, పెరిగినారు, నారి అనే మాట తిట్లలో కూడా మిగల్లేదు. మా అత్త పొద్దున్నే లేచి అలవాటు చొప్పున వాకిట్లో కూర్చునేది. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. పండగకు పిలిచేవాళ్లు కూడా తగ్గినారు. అన్నేళ్లు తీసిన సంగతి మర్చిపోయినారు, తీయకుండా ఏడిపించిన ఆ కొన్నాళ్ల సంగతి మాత్రం ఊరికి బాగా గుర్తు.

తెల్లోళ్లు ఇంక పోతా ఉన్నారని సంతల్లో చెప్పుకునే రోజుల్లో, ఒక సాయంత్రం ఆమె, నేను మా చేని దగ్గర కందిపుల్లలు ఏరతా ఉన్నాము. కంచె పక్కన ఇద్దరు కుర్రోళ్లు పోతా ఆగినారు. ఒకడు ఎగువవీధి ఆమె కొడుకు, ఆ కుంటే ఆమెకు బావి పూడ్చినాక పుట్టినవాడు. కోడెలాగా ఉన్నాడు. పక్కవాడితో, మాకు వినపడాలనే అన్నాడు.

"ఈ ముసల్దే రా. మా అమ్మ కాళ్లు పట్టుకొని ఏడ్చినా తీయలేదంట. మా అమ్మ ఇప్పటికీ కుంటతది."

నాకు రక్తం ఉడికిపోయింది. "ఒరేయ్, ఆగు రా! నీకు..." అని లేవబోయినా. మా అత్త నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"ఎందుకు ఆపుతావు? నీ వల్ల వాడికి ఏం తప్పిందో చెప్తా. లేదంటే నువ్వన్నా చెప్పు!"

"ఏమని చెప్పేదే? వాళ్లమ్మ కుంటేది నిజం. అది వాడికి రోజూ కనపడతది" అన్నది, పుల్లలు ఏరడం ఆపకుండానే. "వాడికి రానిదాన్ని నేను యాడ నుంచి తెచ్చి చూపించేది?"

వాడు అప్పటికే కంచె దూకి, చేనుకు అడ్డంపడి పరిగెత్తతా ఉన్నాడు.